గ్రాఫిక్స్ కార్డు మీద పడ్డ నింద

గేమ్ తెరుచుకుంటుంది. షేడర్లు (దృశ్యాలకు రంగూ వెలుగూ అద్దే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్నాయంటూ కింద గీత నిండుతూ వస్తుంది. నలభై శాతం దగ్గరో డెబ్భై దగ్గరో టక్కున ఆగి, తెర మధ్యలో చిన్న పెట్టె: వీడియో మెమరీ చాలడం లేదట. ఓకే నొక్కితే డెస్క్‌టాప్ మీద ఉంటాం. కార్డులో చూస్తే 24 జీబీ ఉంది, గేమ్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు. అయినా చాలదనే అంటోంది.

2023 చివర్లో, 2024 మొదట్లో ఈ పెట్టెను చూసినవాళ్లందరూ దాదాపు ఒకే దారిన పోయారు. డ్రైవర్ తీసి మళ్లీ వేశారు, విండోస్ ఫార్మాట్ కొట్టారు. మన దగ్గరైతే ర్యామ్ పీకి, కాళ్లను రబ్బరుతో రుద్ది పెట్టే అలవాటు ఒకటి ఉంది కదా, అదీ అయింది. చివరికి కార్డు విప్పి షాపుకి మోసుకెళ్తే, అక్కడ వేరే మెషిన్‌లో అది రోజంతా నిక్షేపంగా నడిచేది. పుండొకచోట, మందొకచోట. చాలామంది విషయంలో పాడైంది కార్డు కాదు, ప్రాసెసర్. ఇంటెల్ 13, 14 తరాల చిప్పులు, అందులోనూ ముఖ్యంగా పైవరసలోని ఐ9లు.

ప్రాసెసర్‌ని ఎవరూ అనుమానించకపోవడానికి కారణం ఉంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో మెషిన్ కట్టించుకున్నా, ఇంకెక్కడ కట్టించుకున్నా, మొరాయించినప్పుడు వెతికే వరస ఒకటే: ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె), ర్యామ్, డిస్కు, కార్డు, బోర్డు. అన్నీ అయ్యాక, ఇక వేరే దారి లేక, ప్రాసెసర్. 'ప్రాసెసర్ పోదు' అన్నది ఏళ్ల తరబడి నిజమైన మాట కూడా. దాన్ని తప్పు చేసింది ఒక పరుగు పందెం.

2022 సెప్టెంబర్ 27న ఇంటెల్‌కి పోటీదారైన ఏఎండీ వాళ్ల రైజెన్ 7000 చిప్పులు అమ్మకానికి వచ్చాయి. పైదాని వేగం 5.7 గిగాహెర్ట్జ్ దాకా. అదే రోజున ఇంటెల్ తన 13వ తరాన్ని ప్రకటించింది. దాని ఐ9 13900కె వేగం 5.8. తేడా ఒక పాయింటు. 2023 జనవరిలో 13900కెఎస్ వచ్చి 6.0 తాకింది. ఆ అక్టోబర్‌లో వచ్చిన 14వ తరం పేరుకే కొత్తది, లోపల చాలావరకు పాత సరుకే. 2024 మార్చిలో 14900కెఎస్‌తో 6.2 దాకా లాగారు. ఏఎండీ చిప్పులు 5 నానోమీటర్ల పద్ధతిలో తయారైతే, ఇంటెల్ ఇంకా తన 10 నానోమీటర్ల పద్ధతికే మెరుగులు దిద్ది నెట్టుకొస్తోంది. వేగంలో ముందుండాలంటే మిగిలిన దారి వోల్టేజీ పెంచడమే. ఆఖరి రెండు మూడు వందల మెగాహెర్ట్జ్ కోసం పోయాల్సిన కరెంటు, వాటి వల్ల వచ్చే లాభంతో పోలిస్తే చాలా ఎక్కువ.

దానికి మదర్‌బోర్డుల వాళ్లు తోడయ్యారు. 13900కె గరిష్ఠంగా 253 వాట్లు తీసుకోవాలని ఇంటెల్ కాగితం మీద రాసింది. చాలా బోర్డుల్లో బయోస్ (బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రాము) తెరిస్తే ఆ గడిలో కనిపించే అంకె 4096. అంటే నీ ఇష్టం, ఎంత కావాలంటే అంత లాక్కో అని. రివ్యూ పట్టికల్లో తమ బోర్డు పక్క కంపెనీ కంటే రెండు మార్కులు ఎక్కువ చూపించాలన్న తాపత్రయం అది. ఇంటెల్‌కి ఇది తెలియనిదేం కాదు. ఆ మార్కులు తన చిప్పుకీ పేరు తెచ్చేవే కాబట్టి నోరు మెదపలేదని నా అనుమానం.

అసలు దొంగ జాడ మొదట పట్టుకున్నవాళ్లలో చిప్పుల నిపుణులు కాదు, డేటాను కుదించి విప్పే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లున్నారు. అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన గేమ్‌లలో ఫైళ్లను విప్పేది ఊడిల్ అనే లైబ్రరీ. విప్పిన డేటా సరిగ్గా ఉందో లేదో అది సరిచూసుకుంటుంది, ఒక్క బిట్టు తేడా వచ్చినా ఒప్పుకోదు. షేడర్లు తయారయ్యే ఆ కాసేపట్లోనే కోర్లన్నీ ఒక్కసారి ఒళ్లు విరుచుకుంటాయి, కాబట్టి బలహీనమైన చిప్పు లెక్క తప్పేదీ అప్పుడే. తప్పు జరిగింది ప్రాసెసర్‌లో. గేమ్‌కి అది తెలియదు, అందుకే తనకు తెలిసిన సందేశం ఏదో చూపించి చేతులెత్తేసింది. అదే 'వీడియో మెమరీ' పెట్టె. కొందరికి ఇంకో విచిత్రం ఎదురైంది: గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ వేద్దామంటే అదీ ఎక్కేది కాదు. ఆ ఇన్‌స్టాలర్ కూడా ముందు ఒక పెద్ద మూట విప్పాల్సిందే కదా!

ఊడిల్ తయారీదారులు ఇది తమ సాఫ్ట్‌వేర్ లోపం కాదని, హార్డ్‌వేర్‌లోదని రాసి, ఒక చిట్కా చెప్పారు. పెర్ఫార్మెన్స్ కోర్ల రేషియోని 53కి, అంటే 5.3 గిగాహెర్ట్జ్‌కి దించి చూడమన్నారు. దించితే గేమ్ ఆడేది. కొన్ని వందల మెగాహెర్ట్జ్ వదులుకుంటే కుదురుకుందంటే రోగం ఎక్కడుందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా కూడా ఈ చిప్పులతో ఈ ఎర్రర్ వస్తుంటే ఇంటెల్‌ని అడగండని తన వాడకందార్లకు చెప్పేసింది.

ఆ వేసవంతా నెపం చేతులు మారుతూ వచ్చింది. తన సెట్టింగులను బోర్డుల వాళ్లు మీరారని ఇంటెల్ అంది. వాళ్లు ఆదరాబాదరాగా 'బేస్‌లైన్' పేరుతో కొత్త బయోస్‌లు వదిలారు. జూన్‌లో చిప్పు బాగా వేడెక్కినా వేగం తగ్గించని ఒక మైక్రోకోడ్ (చిప్పును లోపల్నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) తప్పు దొరికింది. అదొక కారణమేగానీ మూలం కాదని ఇంటెలే ఒప్పుకుంది.

జూలైలో సాకులు చెల్లలేదు. గేమ్ సర్వర్లలో డబ్ల్యూ680 అనే వర్క్‌స్టేషన్ బోర్డుల మీద, ఓవర్‌క్లాకింగ్ (వేగాన్ని హద్దు దాటించడం) ఊసే లేకుండా నడుస్తున్న ఈ చిప్పులు కూడా తడబడుతున్నాయని లెవెల్1టెక్స్ అనే యూట్యూబ్ చానల్ బయటపెట్టింది. పాత్ ఆఫ్ టైటన్స్ గేమ్ తీసిన ఆల్డెరాన్ గేమ్స్ సంస్థ, తమ టెస్టుల్లో దాదాపు నూటికి నూరు చిప్పులూ చెడిపోయాయని, సర్వర్లను ఏఎండీకి మారుస్తున్నామని ప్రకటించింది. ఇక బోర్డుల మీద నెట్టడానికి వీల్లేదు.

జూలై 22న ఇంటెల్ అసలు మాట చెప్పింది: మైక్రోకోడ్‌లోని తప్పు వల్ల చిప్పు తనకు కావాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజీ తానే అడుగుతోంది. పూర్తి వివరం సెప్టెంబర్‌లో వచ్చింది. ప్రతి చిప్పుకీ ఫలానా వేగంలో తప్పు లేకుండా నడవడానికి ఒక కనీస వోల్టేజీ ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ ఆ కనీసం కొద్దికొద్దిగా పెరుగుతుంది, అందుకే ముందే కొంత వెసులుబాటు వదిలి అమ్ముతారు. ఇక్కడ ఆ వెసులుబాటు నెలల్లోనే కరిగిపోయింది. కోర్ లోపల అన్ని భాగాలూ ఒకే లయలో నడిచేలా తాళం కొట్టే క్లాక్ ట్రీ అనే సర్క్యూట్, ఎక్కువ వోల్టేజీకీ వేడికీ అరిగి తాళం తప్పింది. ఇంటెల్ దీనికి పెట్టిన పేరు వీమిన్ షిఫ్ట్, అంటే కనీస వోల్టేజీ జరగడం. ఇంటెల్ చెప్పిన నాలుగు కారణాల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది చివరిది: మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు, చిన్నాచితకా పనులు చేస్తున్నప్పుడు కూడా చిప్పు అధిక వోల్టేజీ లాగుతోంది. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నా అరుగుదలే.

ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ చిప్పు అడిగే వోల్టేజీని 1.55 దగ్గర ఆపింది. ఖాళీ సమయం సంగతి చూసుకునే 0ఎక్స్12బి సెప్టెంబర్‌లో వచ్చింది. 2025 మేలో 0ఎక్స్12ఎఫ్ అని ఇంకోటి, రోజుల తరబడి ఆపకుండా నడిచే మెషిన్ల కోసం. ఇవి రాబోయే దెబ్బను ఆపుతాయి, తగిలిన దెబ్బను మాన్పలేవు. అరిగిన చిప్పును మార్చాల్సిందే. మూడేళ్ల వారంటీని ఇంటెల్ ఐదేళ్లు చేసింది. 13వ తరం తొలి చిప్పుల్లో కొన్నిటికి తయారీలో లోపలి లోహానికి తుప్పు పట్టిన సమస్య వేరే ఉంది. అది 2023లోనే సరిచేశామని చెప్పారుగానీ, జనానికి తెలిసింది మాత్రం మరుసటి ఏడాది.

ఇది ఆ కంపెనీకి కొత్త అనుభవం కాదు. 2000 మార్చి 6న ఏఎండీ 1 గిగాహెర్ట్జ్ అందుకుంటే, రెండు రోజులకే ఇంటెల్ కూడా అందుకుంది. ముందుకు దూకుదామని జూలై 31న 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3 వదిలింది. రివ్యూ రాసేవాళ్లు దాని మీద లైనక్స్ కెర్నల్ కంపైల్ చేయబోతే పూర్తి కాలేదు. నెల తిరక్కుండా, ఆగస్టు 28న, వెనక్కి తీసుకుంది. అంతకు ముందు 1994లో భాగహారం తప్పు చేసే పెంటియంలను మార్చి ఇవ్వడానికి 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. 2024లో మాత్రం రీకాల్ లేదు, అమ్మకాలూ ఆపలేదు. ఎవరి చిప్పు చెడితే వాళ్లు అడిగి మార్చుకోవాలి.

2025 జూలైలో ఫైర్‌ఫాక్స్ క్రాష్ రిపోర్టులు చూసే ఒక ఇంజనీరు, యూరప్‌లో వడగాడ్పులు వీచినప్పుడల్లా ఈ చిప్పుల క్రాష్‌లు పెరుగుతున్నాయని గమనించాడు. ఏ దేశంలో ఎండలు మండుతున్నాయో రిపోర్టులు చూసి చెప్పొచ్చట. మే నెలలో ఏసీ లేని గదిలో గేమ్ ఆడేవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

ఇప్పుడు ఈ చిప్పులు సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. కొనే ముందు బయోస్‌లో మైక్రోకోడ్ 0ఎక్స్12బి కానీ ఆ తర్వాతది కానీ ఉందో లేదో చూడొచ్చు. అంతకు ముందు అది ఎన్ని నెలలు ఏ వోల్టేజీలో నడిచిందో మాత్రం ఏ బయోసూ చెప్పదు. అందుకే అమ్మేవాడి ముందే ఒక అన్‌రియల్ గేమ్ తెరిచి, షేడర్ల గీత నూటికి చేరేదాకా కూర్చోండి. బిల్లు, వారంటీ కాగితం కూడా అడగండి.