ఇంట్లోకి ఇసుక ఎవరు తోలించారు?

మొన్న మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. రంగు వెలిసిన గోడలు, సగం తెరిచి ఉన్న తలుపు, గది నిండా నడుం లోతు ఇసుక. "నిజమేనా మావయ్యా, షూటింగ్ కోసం ట్రాక్టర్‌తో తోలించారా?" అని కింద ప్రశ్న.

అది ఆఫ్రికాలోని నమీబియా ఎడారిలో ఉన్న పాడుబడ్డ ఊరు కోల్మన్‌స్కోప్. 1908లో రైలుపట్టాల మీద పేరుకున్న ఇసుకను ఎత్తిపోసే జకరియాస్ లెవాలాకి ఒక మెరిసే రాయి దొరికింది. పైఅధికారి ఆగస్ట్ స్టౌఖ్‌కి చూపించాడు, అది వజ్రమని తేలింది. ఆస్పత్రి, ఐసు ఫ్యాక్టరీ, డాన్స్ హాలు అన్నీ వెలిశాయి. తర్వాత దక్షిణాన ఇంకా మంచి నిక్షేపాలు బయటపడ్డాయి, 1956కల్లా ఊరు ఖాళీ. ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది, నాకు ఆసక్తి గాలి మీద.

కళ్లంలో తూర్పారబట్టడం చూశారా? చేటలోంచి వదిలితే గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, పొట్టు ఎగిరిపోతుంది. అక్కడ జరిగింది అదే. లోపలి భూముల నుంచి ఆరెంజ్ నది సముద్రంలోకి తెచ్చిన వజ్రాలను అలలు ఉత్తరంగా తోశాయి, తీరం నుంచి గాలి అందుకుంది. ఇసుకలోని క్వార్ట్జ్ అనే ఖనిజం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు, వజ్రానిది 3.5. సన్న ఇసుక ఎగిరిపోగా వజ్రాలు ముతక రాళ్లతో నేలమీద మిగిలాయి. అందుకే గని తవ్వకుండా, కూలీలు వరుసగా నేలమీద పాకుతూ చేత్తో ఏరారు. మన వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో తొలకరికి జనం వెతకడమూ ఇలాంటిదే, కాకపోతే ఇక్కడ చెరిగేది వాన. (వజ్రం చీకట్లో దానంతటదే వెలుగుతుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. వెలుతురు పడితేనే దాని మెరుపు.)

మరి ఆ పొట్టు, అంటే ఎగిరిపోయిన సన్న ఇసుక, ఏమైంది? కళ్లంలో అయితే గడ్డివామి చాటున పేరుకుంటుంది, ఎందుకంటే అక్కడ గాలి చచ్చిపోతుంది. కోల్మన్‌స్కోప్ ఇళ్లే ఆ వామి. ఇసుక రేణువు పొగలా తేలదు, గెంతుతుంది. పడినచోట ఇంకొన్ని రేణువులను తన్ని లేపుతుంది, ఎక్కువ భాగం మోకాలి ఎత్తు కూడా దాటదు. గాలి మోయగల ఇసుక సుమారుగా వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది, అంటే వేగం సగమైతే మోత ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఇంకా తగ్గితే రేణువు కదలనే కదలదు. పగిలిన కిటికీలోంచి గదిలోకి దూరిన గాలి ఒక్కసారిగా విచ్చుకుని నీరసిస్తుంది, బరువు అక్కడే దించేస్తుంది. బయటకు మోసుకెళ్లే బలం మళ్లీ రాదు. కుప్ప 34 డిగ్రీల వాలు వరకు పెరుగుతుంది, దాటితే జారి పక్క గదిలోకి. తలుపు సగంలో ఆగిపోయింది కూడా అందుకే, దాని అడుగున ఇసుక దట్టించి ఉంది.

ఇదంతా టైప్ చేసి పంపితే మా పిల్ల అడిగింది, "అయితే ఆ గదిలో వజ్రాలుంటాయా?" అని.

దొరికే అవకాశం చాలా తక్కువమ్మా, అది పొట్టు. గింజ కోసం ఇంటి బయట, గాలి ఊడ్చేసిన నేలమీద వెతకాలి.