దేవమాలి కొండకి ఆ నీలం ఎక్కణ్ణుంచి వచ్చింది

సాలూరు నుంచి ఘాట్ ఎక్కి సుంకి దాటి పొట్టంగి వైపు వస్తుంటే నవంబర్ నెలలో రోడ్డుకి రెండు పక్కలా వలిసె పూలే, అంత పసుపు నేను ఇంకెక్కడా చూళ్ళేదు. మధ్యమధ్యలో దున్నిన ఎర్రమట్టి, ఆ వెనక వరసగా కొండలు, అన్నిటికన్నా వెనక దేవమాలి, 1672 మీటర్లు, ఒడిశా మొత్తానికి ఎత్తయిన కొండ అదే. మాది సెమిలిగుడ కాబట్టి ఆదివారం పొద్దున్నే ఈజిల్, కొన్ని ఆయిల్ కలర్ ట్యూబులు, ఒక గొడుగు పట్టుకుని అటు పోతుంటాను.

ఒకసారి అలా బొమ్మ వేస్తుంటే అక్కడ టీ కొట్టు పెట్టుకున్న తాత వచ్చి చాలాసేపు వెనకే నిలబడి, "ఏటి బాబూ, కొండంతా పచ్చగుంటాది కదా, నువ్వు నీలం ఏస్తన్నావేటి" అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్నో చూడండి. నిజమే, ఆ కొండెక్కితే గడ్డి పచ్చగానే ఉంటుంది, ఎంత వెతికినా నీలం కనపడదు. ఎందుకంటే ఆ నీలం కొండది కాదు, మనకీ కొండకీ మధ్యలో ఉన్న గాలిది. గాలిలోని అణువులు ఎండని చెదరగొడతాయి, ఎరుపు కంటే నీలాన్ని ఇంచుమించు 4 రెట్లు ఎక్కువ చెదరగొడతాయి, ఆకాశం నీలంగా ఉండటానికి కారణం కూడా అదే. కొండ 15 కిలోమీటర్ల దూరంలో ఉందంటే ఆ 15 కిలోమీటర్ల గాలీ ఒక పల్చటి ఆకాశం ముక్కలా కొండ ముందు పరుచుకుని ఉన్నట్టే, దాని వెలుగు కూడా మన కంట్లో పడుతుంది. కొండ ముదురు రంగు కాబట్టి ఆ నీలం బాగా తెలుస్తుంది. అదే దూరంలో తెల్ల మబ్బు ఉంటే మాత్రం కథ తిరగబడుతుంది, దాన్నుంచి వచ్చే వెలుగులో నీలం దారిలోనే చెదిరిపోతుంది కాబట్టి మబ్బు అడుగున కొంచెం పసుపు ఛాయ కనిపిస్తుంది. ఇది పుస్తకంలో చదివినప్పుడు నాకు ఎక్కలేదు, బ్రష్ పట్టుకుని గంటసేపు అదే మబ్బుని చూసినప్పుడే ఎక్కింది.

నీడల సంగతి కూడా ఇలాంటిదే. నీడంటే వెలుగు లేకపోవడం అనుకుంటాం కానీ ఆరుబయట నీడలోకి సూర్యుడి వెలుగు నేరుగా రాకపోయినా ఆకాశం వెలుగు వస్తూనే ఉంటుంది, అది నీలం. అందుకే ఎర్రమట్టి మీద చెట్టు నీడ వంకాయ రంగులోకి పోతుంది. అదే నీడ వలిసె చేను మీద పడితే వంకాయ రంగు రాదు, ఆ పూలు నీలాన్ని మింగేస్తాయి కాబట్టి మసక ఆకుపచ్చ అవుతుంది. నీడ అనగానే పసుపులో నలుపు కలిపేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, ఎదురుగా అంత అందం పెట్టుకుని చూడకుండా ఎలా ఉంటారు!

ఇంకో ఇబ్బంది ఉంది. ఎండలో మెరిసే మబ్బుకీ చెట్టు మొదట్లో చీకటికీ వెలుగులో తేడా వందల రెట్లు ఉంటుంది, కానీ ట్యూబులో ఉన్న తెల్ల రంగుకీ నల్ల రంగుకీ తేడా 20, 30 రెట్లకి మించదు. అంటే ఎండని ఎండలా వెయ్యడం కుదరదు, అందుకే వెలుగు తేడాని రంగు తేడాగా మార్చి చెప్పాలి, ఎండ పక్క వెచ్చటి రంగు, నీడ పక్క చల్లటి రంగు. గొడుగు కూడా నా తలకి కాదు, కాన్వాస్‌కి. కాన్వాస్ మీద ఎండ పడితే వేసిన ప్రతి రంగూ వెలిగిపోతున్నట్టే ఉంటుంది, ఇంటికి తెచ్చి చూస్తే మొత్తం మాడిపోయినట్టు ఉంటుంది.

ఆ తెల్ల రంగు గురించి ఒక మాట చెప్పాలి. మా పిన్ని వాళ్ళది గంజాం జిల్లా ఛత్రపురం, అక్కడ సముద్రం ఒడ్డున ఇసకలో నల్ల చారలు కనిపిస్తాయి, అందులో ఇల్మెనైట్ అనే ఖనిజం ఉంటుంది, ప్రభుత్వ కంపెనీ ఐఆర్ఈఎల్ దాన్ని అక్కడే తీస్తుంది. ఇల్మెనైట్‌లో ఇనుమూ టైటానియమూ కలిసి ఉంటాయి, ఇనుముని వేరు చేస్తే వచ్చేదే టైటానియం డయాక్సైడ్, మన టైటానియం వైట్. అంత నల్లటి ఇసకలోంచి అంత తెలుపు! ఆయిల్ కలర్ అంటే ఇలాంటి రంగు పొడిని నూనెలో, ఎక్కువగా అవిసె నూనెలో, కలిపిందే. బజ్జీ చుట్టిన కాగితం మీద నూనె పడినచోట అవతలిది కనపడుతుంది కదా, కాగితం పీచూ నూనే వెలుగుని దాదాపు ఒకేలా వంచుతాయి కాబట్టి వెలుగు చెదరకుండా దాటిపోతుంది. సుద్దపొడిని నూనెలో కలిపినా ఇంతే, తెలుపు పోతుంది. టైటానియం డయాక్సైడ్ మాత్రం నూనె కంటే చాలా గట్టిగా వెలుగుని వంచుతుంది, ఆ వంపుని చెప్పే కొలత, వక్రీభవన గుణకం, నూనెకి 1.5 దగ్గర ఉంటే దీనికి 2.7 దాకా ఉంటుంది, అందుకే నూనెలో మునిగినా తెల్లగానే ఉంటుంది.

అసలు ఆయిల్ రంగుల్ని ఇలా పొలం గట్టుకి మోసుకుపోగలుగుతున్నామంటే 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు పేటెంట్ తీసుకున్న తగరం ట్యూబు పుణ్యమే, అంతకుముందు రంగుని పంది మూత్రాశయం తిత్తుల్లో కట్టి ఉంచేవాళ్ళు.

ఇక నూనె దగ్గరికొస్తే, బొమ్మ ఆరింది అంటాం కానీ బట్టలు ఆరినట్టు కాదు. బట్టల్లోంచి నీళ్ళు పోతాయి, అవిసె నూనెలోకి మాత్రం గాలిలోని ఆక్సిజన్ వచ్చి చేరుతుంది, ద్విబంధాల దగ్గర, అంటే రెండు కార్బన్ పరమాణువుల మధ్య జంట బంధం ఉన్నచోట, నూనె అణువులు ఒకదానికొకటి అల్లుకుని గట్టి పొర అవుతుంది, బరువు కూడా పెరుగుతుంది. కొబ్బరినూనెలో ఆ బంధాలు చాలా తక్కువ, ఏళ్ళు పెట్టినా గట్టిపడదు. ఒకసారి సంతలో అలసి నూనె అని అడిగి తెచ్చుకున్నాను, హిందీలో అలసి అంటే అవిసె, మా కొరాపుట్ వైపు ఒడియాలో అలసి అంటే వలిసె, నాకు ఆ తేడా తెలియదు. వలిసె నూనెలో ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లానికి రెండే ద్విబంధాలు, అవిసెలో ఎక్కువగా ఉండేదానికి మూడు, దాంతో ఆ నూనె కలిపి వేసిన బొమ్మ వారాల తరబడి వేలికి అంటుకుంటూనే ఉంది. ఇంకోటి, ఈ ఆక్సిజన్ కలిసేటప్పుడు వేడి పుడుతుంది, అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని కుప్పగా పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకోగలవు, దయచేసి విడివిడిగా పరిచి ఆరేయండి.

పోయిన ఏడాది వేసిన దేవమాలి బొమ్మని వర్షాలకి ముందు బీరువా వెనక పెట్టి మర్చిపోయాను. దసరాకి తీస్తే కొండ నీలం పోయి ఆకుపచ్చకి తిరిగింది, ప్రాణం ఉసూరుమంది. చీకట్లో ఉంటే అవిసె నూనె పసుపెక్కుతుంది, నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చే కదా, కానీ వెలుతురు తగిలితే ఆ పసుపు చాలావరకు విరిగిపోతుంది. కిటికీ పక్కన పెట్టాను, మూడో వారం నడుస్తోంది, కుడివైపు శిఖరం దగ్గర నీలం మళ్ళీ కనిపిస్తోంది.