చౌటుప్పల్ దాకా బర్డ్ ఫ్లూ ఎట్లా వచ్చింది?

2025 ఫిబ్రవరిలో చౌటుప్పల్ మండలం నేలపట్లలోని ఒక ఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. అప్పటికే గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు ఫారాలు దెబ్బతిన్నాయి. అటు నుంచి వచ్చే కోళ్ల లారీలను కోదాడ దగ్గరి రామాపురం క్రాస్‌రోడ్డు చెక్‌పోస్టులోనే ఆపి వెనక్కి పంపేవారు. అంత కాపలా ఉండగానే రోగం ఉమ్మడి నల్లగొండలో కనిపించింది.

మన రైతులకు ఇది కొత్త భయమేమీ కాదు. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ వైరస్ రకమైన హెచ్5ఎన్1 దేశంలోనే మొదటిసారి బయటపడింది. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ దగ్గర తొర్రూరుకు వచ్చింది. సరిగ్గా పదేళ్లకు, 2025 ఏప్రిల్‌లో, ఆ చుట్టుపక్కలే బాటసింగారంలో మళ్లీ తేలింది. రెండుసార్లూ ఏప్రిల్‌లోనే. ఎండలు ముదిరితే అదే పోతుందన్న ధీమా ఇక పెట్టుకోవద్దు. వేడికి వైరస్ త్వరగా చచ్చే మాట నిజమే. కానీ షెడ్డు నీడలో, తడిసిన ఊకలో, రెట్టలో అది కొన్ని రోజులు బతికినా చాలు, పక్క ఫారానికి పోవడానికి.

వలస పక్షుల మీద నింద వేయడం సులువు. చలికాలంలో చెరువుల మీద వాలే పక్షులు వైరస్‌ను మోసుకొస్తాయి, కాదనలేం. చెరువు నీళ్లను శుద్ధి చేయకుండా తాపించినా, జాలీ చిరిగి కాకులు దాణా మీద వాలినా ముప్పే. అయితే షెడ్డు నుంచి షెడ్డుకు రోగాన్ని చేర్చేది ఎక్కువగా మనమే. విజయవాడ హైవే పొడవునా, అటు షాద్‌నగర్ వైపు, ఫారాలు దగ్గర దగ్గరగా లేచాయి. కోళ్లను ఎత్తుకుపోయే లిఫ్టింగ్ బండి ఒకే రాత్రి రెండు మూడు చోట్ల ఆగుతుంది. కోళ్లను పట్టే కుర్రాళ్లు అవే చెప్పులతో షెడ్లన్నీ తిరుగుతారు. గుడ్ల అట్ట ట్రేలు దుకాణం నుంచి మళ్లీ ఫారానికే వస్తాయి. రెట్ట అంటిన అట్టను కడగలేం, కాల్చేయాల్సిందే. చచ్చిన కోళ్లను గోతిలో సున్నం వేసి పూడ్చకుండా రోడ్డు పక్కన పారేస్తే మిగిలిన పని కుక్కలు చేస్తాయి.

అన్నిటికన్నా పెద్ద ముప్పు ఆలస్యం. కోళ్లు మెడలు వాల్చి చస్తుంటే మొదట కోళ్లకు మామూలుగా వచ్చే కొక్కెర తెగులనే (రాణీఖేత్) అనుకుంటారు. మందు వేసి చూస్తారు. శాంపిల్ రోగాన్ని నిర్ధారించే భోపాల్ ల్యాబ్‌కు వెళ్లేసరికి సగం షెడ్డు ఖాళీ. ఇందుకు రైతునే తప్పుపట్టడం అన్యాయం. రోగం తేలితే కిలోమీటరు పరిధిలో కోళ్లన్నిటినీ చంపేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. చుట్టూ ఉన్న ఫారాల వాళ్ల వ్యాపారం ఆగినందుకు కబురు చేసినవాడి మీదే కోపం. పరిహారం ప్రభుత్వం చంపించిన కోళ్లకే తప్ప, అప్పటికే చచ్చినవాటికి రాదు. కాంట్రాక్టు ఫారంలో పిల్ల, దాణా కంపెనీవి. షెడ్డు, కరెంటు బిల్లు, చాకిరి రైతువి. కొత్త బ్యాచ్ దించనివ్వని ఆ నెలల్లో షెడ్డు మీద తెచ్చిన అప్పు కిస్తీ అతనే కట్టుకోవాలి. చెక్‌పోస్టుల మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా ఈ లెక్క మీద పెట్టి ఉంటే, మొదటి పది కోళ్లు చచ్చిన రోజే పశువుల డాక్టరుకు ఫోన్ వచ్చేది.