బాల్కనీలో కబుర్లు, పార్కింగ్‌లో ఆవకాయ

చిరంజీవులైన మా అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

కింది అంతస్తు నుంచి పై అంతస్తుకి ఉత్తరమేంటని నవ్వకండి. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే రెండు నిమిషాలు విని సైకిళ్ళ దగ్గరికి పరిగెడతారు. కాగితమైతే మీకు తీరికైనప్పుడు చదువుకుంటారని రాస్తున్నాను. 2020 లాక్‌డౌన్ అప్పుడు మీలో పెద్దవాళ్ళకి నాలుగైదేళ్ళు, చిన్నవాళ్ళు ఉయ్యాల్లో ఉన్నారు. లాక్‌డౌన్ అంటే ఊరంతటికీ సెలవులని మీరు అనుకుంటున్నట్టు మీ మాటల్లో తెలిసింది. కొందరికి కొంతవరకు అదీ నిజమే. మిగతాది కూడా మీకు తెలియాలి.

ముందు తలుపులెందుకు వేశారో చెబుతాను. 2019 చివర్లో చైనాలోని వుహాన్ నగరంలో కరోనా అనే ఒక కొత్త వైరస్ బయటపడింది. 2020 మార్చి 2న మన తెలంగాణలో మొదటి కేసు తేలింది. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారి అంది. అప్పటికి టీకా లేదు, నమ్మకంగా ఇదీ అని చెప్పే మందూ లేదు. పైగా ఈ జబ్బు సోకగానే జ్వరం రాదు. మామూలుగా ఐదారు రోజులు, ఒక్కోసారి పద్నాలుగు రోజుల దాకా పడుతుంది. అసలు జ్వరమే రానివాళ్ళూ ఉన్నారు. ఈలోగా ఆ మనిషి ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆఫీసుకీ, బజారుకీ, పెళ్ళికీ తిరిగేస్తాడు. పెళ్ళి అంటే గుర్తొచ్చింది. వెయ్యిమందీ మొదటి పంక్తిలోనే కూర్చుంటామంటే విస్తళ్ళు చాలవు, వడ్డించేవాళ్ళూ చాలరు. అదే నాలుగు పంక్తులుగా కూర్చుంటే అందరూ తిని లేస్తారు. ఆస్పత్రి మంచాలూ, ఆక్సిజనూ, డాక్టర్లూ అందరికీ ఒకేసారి అవసరమైతే దొరకవని, జబ్బు వ్యాపించే వేగం తగ్గించడానికి మనుషుల్ని ఇళ్ళల్లో ఉంచారు. అంతేగానీ తాళం వేస్తే వైరస్ చచ్చిపోతుందని కాదు.

మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం ఐదింటికి అందరం బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టాం. కొందరు పళ్ళేలు, గరిటెలు తెచ్చారు. మూడో అంతస్తు బ్యాంకు ఉద్యోగి తన పెద్ద స్టీలు బేసిన్ మీద ఎంత గట్టిగా కొట్టాడంటే, దానికి పడ్డ సొట్ట ఇప్పటికీ ఉందని వాళ్ళావిడ దెప్పుతుంటుంది. ఆ రోజు నాకు ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళుగా ఒకే గేటులోంచి వస్తూ పోతూ ఉన్నా, సగం మంది ముఖాలు నాకు సరిగ్గా తెలియవు. "నమస్కారమండీ, మీరు ఏ ఫ్లాటు?" అని అవతలి బాల్కనీ వాళ్ళని అడగాల్సి వచ్చింది.

24వ తేదీ రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి, ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. తెల్లారితే ఉగాది. వికారి వెళ్ళి శార్వరి వస్తోంది. ఇంట్లో చింతపండు, బెల్లం ఉన్నాయి గానీ మామిడికాయ లేదు, వేపపువ్వు లేదు. అప్పుడు నాలుగో అంతస్తు కోడలుపిల్ల తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్ట దింపింది. అడుగున రెండు మామిడికాయలు. "అమ్మమ్మగారూ, ఒకటి తీసుకుని ఒకటి పక్క ఫ్లాటు వాళ్ళకి ఇచ్చేయండి" అని పైనుంచి కేక. మా ఇంటి బెల్లం అదే బుట్టలో పైకెళ్ళింది. వేపపువ్వు మాత్రం వాచ్‌మన్ తెచ్చాడు. సందు మలుపులో ఉన్న చెట్టు రెమ్మలు నాలుగు విరిచి గేటు మీద పెట్టి దూరంగా నిలబడ్డాడు. ఒక్కొక్కళ్ళం ముక్కుకి చున్నీలు, కండువాలు చుట్టుకుని వెళ్ళి తెచ్చుకున్నాం. పచ్చడి మాత్రం ఎవరింట్లో వాళ్ళే కలుపుకున్నాం. ఒకరి చేతి తిండి ఇంకొకరు తినాలంటే భయం. పంచాంగ శ్రవణం టీవీలోనే. ఏప్రిల్ 2న శ్రీరామనవమికి భద్రాచలంలో కల్యాణం భక్తులు లేకుండా జరిపితే, అదీ టీవీలోనే చూసి ఇంట్లోనే పానకం తాగాం.

ఆ భయంలో మేం చేసిన పనులు చెబితే మీరు పడీపడీ నవ్వుతారు. పాల ప్యాకెట్లు సబ్బునీళ్ళలో కడిగేవాళ్ళం. కూరగాయలు ఉప్పు, పసుపు కలిపిన నీళ్ళలో వేసి, ఆరబెట్టి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం. పేపరు మాన్పించినవాళ్ళు కొందరు, ఎండలో ఆరేసి మధ్యాహ్నం చదివినవాళ్ళు కొందరు. రెండో అంతస్తులో ఒకాయన నోట్లకి ఇస్త్రీ చేశాడు. వస్తువుల్ని ముట్టుకోవడం వల్ల సోకడం చాలా అరుదని తర్వాత తేలింది. ఎక్కువగా మనిషి ఊపిరి నుంచి, మాట నుంచి, దగ్గు నుంచి, అదీ కిటికీలు మూసిన గదుల్లో సోకుతుందట. సబ్బుతో చేతులు కడగడం ఎప్పుడూ మంచిదే, వైరస్ పైనుండే కొవ్వు పొరని సబ్బు విడగొట్టేస్తుంది. కానీ పాల ప్యాకెట్ల మీద పెట్టిన శ్రద్ధలో సగం మాస్కు ముక్కు మీదికి లాక్కోవడం మీద పెట్టి ఉంటే బాగుండేది. మాస్కు గడ్డం కింద వేలాడేసుకుని ఫోన్‌లో మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కిరాణా కొట్టు ముందు సున్నంతో గుండ్రాలు గీశారు. ఒక్కో గుండ్రంలో ఒక్కరు నిలబడాలి. ఇంటికి మూడు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదని పోలీసులు చెప్పారు. రాత్రి ఏడు నుంచి కర్ఫ్యూ. మన వనస్థలిపురం రైతుబజారుకి వెళ్ళే పని లేకుండా కొన్నాళ్ళు మొబైల్ రైతుబజార్ బండి కాలనీలోకే వచ్చేది. దాని హారన్ వినబడగానే అన్ని బాల్కనీల్లోంచీ ఒకటే ప్రశ్న, "టమాటా ఉందా?"

ఇక కబుర్ల సంగతి. సాయంత్రం ఆరింటికి ఎవరూ పిలవకుండానే అందరం బాల్కనీల్లోకి చేరేవాళ్ళం. "ఏం కూర వదినగారూ?" అని మొదలయ్యేది. మీ నాన్నల్లో వంటగది ముఖం చూడనివాళ్ళు కూడా గిన్నెలు తోమి, పీచు దొరకడం లేదని ఫిర్యాదు చేసేవాళ్ళు. కుక్కర్‌లో ఇసుక పోసి కేకు చేశారు. కాఫీపొడి, పంచదార గంటసేపు గిలక్కొట్టి నురగ తేల్చారు, అదేదో కొరియా కాఫీట. రాత్రిళ్ళు వాట్సాప్‌లో హౌసీ ఆడాం. నంబర్లు నేనే పిలిచేదాన్ని. టెన్త్ రాస్తున్న ఒక కుర్రాడికి మూడు పేపర్లయ్యాక పరీక్షలు ఆగిపోయాయి, జూన్‌లో అందర్నీ పాస్ చేసేశారు. రాష్ట్రంలో ఐదు లక్షలకు పైగా పిల్లలు అలా గట్టెక్కారు. వాడు మాత్రం లెక్కలకి అంత కష్టపడి చదివితే ఇలా అయిందని బాల్కనీలో నిలబడి నిజంగానే ఏడ్చాడు.

ఈ కబుర్లన్నిటికీ తలమానికం ఆవకాయ. ఏప్రిల్ చివర బండి మీద పుల్లటి కాయలొచ్చాయి. మామూలుగా బజార్లో కాయలు కొన్నచోటే కత్తిపీటవాళ్ళు టెంకతో సహా ముక్కలు కొట్టి ఇస్తారు. ఆ ఏడు వాళ్ళు లేరు. వంటింటి చాకుకి టెంక తెగదు. వాచ్‌మన్ ఎక్కడినుంచో పెద్ద కత్తిపీట తెచ్చి, మరిగే నీళ్ళతో కడిగి పార్కింగ్‌లో పెట్టాడు. ఇంటికొకరు చొప్పున, ఒకరి తర్వాత ఒకరు దిగి ముక్కలు కొట్టుకోవాలి. బేసిన్ బ్యాంకు ఉద్యోగి మొదటి కాయకే జీడి ఎగిరి కంటి దగ్గర తగిలి కూర్చుండిపోయాడు. నేను మా గ్రిల్లు దగ్గర నిలబడి చెబుతున్నాను: జీడి తీసెయ్, లోపలి పొర గీకెయ్, ముక్కకి టెంక అంటుకుని ఉండాలి, తడి తగలనివ్వకు, పొడిగుడ్డతో తుడువు. నాలుగు గిన్నెల ముక్కలకి ఒక గిన్నె కారం, ఒక గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు, పైన ముక్క మునిగేదాకా నువ్వుల నూనె. ఈ కొలతలు పై అంతస్తులకి చేరేసరికి, రాయలసీమ నుంచి వచ్చిన ఆవిడ వెల్లుల్లి లేకుండా అదేం ఆవకాయండీ అంది. గుంటూరాయన మీ కారం కారమే కాదన్నాడు. మూడో రోజు జాడీలు తిరగకలిపి ఉప్పు చూసుకునే రోజు. పొద్దున్నే అన్ని బాల్కనీలూ నిండిపోయాయి. "నాది ఉప్పు కశం అయిందండీ", "నాది చప్పగా ఉంది, ఇప్పుడు ఉప్పు వెయ్యొచ్చా?" అని అరుపులే అరుపులు. ఆవకాయకి భయపడినవాళ్ళు ఎవరూ లేరు. చిన్న సీసాలు తాడుబుట్టల్లో పైకీ కిందికీ తిరిగాయి. ఉగాది పచ్చడి పంచుకోవడానికి భయపడ్డ జనమే నెల తిరిగేసరికి అలా మారారు.

కబుర్లలో చెత్త కూడా చాలానే ఉండేది. చికెన్ తింటే కరోనా వస్తుందని అంతకు ముందే పుకారు పుట్టి కోళ్ళ రైతులు నిలువునా మునిగారు. హైదరాబాద్‌లో మంత్రులు జనం ముందు చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. ఇంకో రాత్రి, నిద్రపోకూడదు, పోతే లేవరు అని ఊళ్ళ నుంచి ఫోన్లు. మన గ్రూపులోనూ వచ్చింది. నేను టీచర్‌గా పనిచేసిన అలవాటుకొద్దీ "ఎవరు చెప్పారు? వాళ్ళకి ఎవరు చెప్పారు?" అని అడిగాను. రెండో ప్రశ్నకి ఎవరి దగ్గరా సమాధానం లేదు. నేను హాయిగా పడుకున్నాను.

ఇప్పుడు సెలవులు కానివాళ్ళ సంగతి. మూడు ఫ్లాట్లలో పని చేసే ఆవిడ మూడు కిలోమీటర్ల అవతల ఉండేది, రాలేకపోయింది. జీతం ఇవ్వాలా వద్దా అని గ్రూపులో పెద్ద గొడవ. పని చెయ్యని నెలకి డబ్బులేంటని ఒకరు, ఆఫీసుకి వెళ్ళని నెలకి మీకు జీతం పడలేదా అని ఇంకొకరు. చివరికి రెండు ఫ్లాట్ల వాళ్ళు ఇచ్చారు, ఒకరు ఇవ్వలేదు. ఆ ఒకరెవరో మీకు చెప్పను. తెల్లకార్డు ఉన్నవాళ్ళకి ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చింది. ఆవిడకి బియ్యం అందింది గానీ, 1500తో అద్దె కడుతుందా, గ్యాస్ కొంటుందా?

వెనక సందులో కట్టే బిల్డింగ్‌లో జార్ఖండ్, ఒడిశా కూలీలు ఉండేవాళ్ళు. పని ఆగింది, కూలీ ఆగింది, ఊరికి వెళ్ళడానికి బస్సు లేదు, రైలు లేదు. మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి దాదాపు 1200 మందితో బయల్దేరింది. అంతకు ముందే ఎంతోమంది పిల్లల్ని భుజాన వేసుకుని ఎండలో హైవేల వెంట నడిచారు. బోధన్‌లో ఓ టీచరమ్మ, నెల్లూరు దగ్గర చిక్కుకుపోయిన కొడుకుని తెచ్చుకోవడానికి స్కూటర్ మీద రానూపోనూ 1400 కిలోమీటర్లు వెళ్ళొచ్చింది. ఆ వార్త చదివి బాల్కనీలో అందరం చప్పట్లు కొట్టాం. కూలీల నడక గురించి మాత్రం రెండు రోజులు మాట్లాడుకుని మూడో రోజు మళ్ళీ కూరల్లోకి వచ్చేశాం. అదీ ఉన్న సంగతే, దాచడం దేనికి.

మే మొదట్లో మన వనస్థలిపురంలోనే కొన్ని కాలనీలకి బారికేడ్లు పెట్టి కంటైన్‌మెంట్ జోన్లు చేశారు. మన బిల్డింగ్‌కి జబ్బు వచ్చింది మాత్రం జూలైలో. ఒక ఇంట్లో ముగ్గురికి పాజిటివ్. ఆ సాయంత్రం బాల్కనీల్లో ఎవరూ లేరు. ఆ ఇంటి చెత్త తియ్యొద్దని వాచ్‌మన్‌కి చెప్పినవాళ్ళు ఉన్నారు, లిఫ్టు వాడకూడదని గ్రూపులో పెట్టినవాళ్ళు ఉన్నారు. నాలుగో అంతస్తు కోడలుపిల్ల ఎవరితోనూ వాదించలేదు. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పన్నం డబ్బాలో పెట్టి వాళ్ళ గుమ్మం ముందు స్టూలు మీద ఉంచి బెల్లు కొట్టి వచ్చేసేది. రెండో రోజుకి ఇంకో రెండు ఇళ్ళ వాళ్ళు వంతులు వేసుకున్నారు. గ్రూపులో లిఫ్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

2021 వేసవిలో వచ్చిన రెండో వేవ్ గురించి ఎక్కువ రాయలేను. నాకు మార్చిలోనే టీకా పడింది. నోట్లకి ఇస్త్రీ చేసిన ఆయనకి పడలేదు, సూదంటే భయం, తర్వాత వేయించుకుంటానని వాయిదా వేశాడు. ఆయనకి ఆక్సిజన్ బెడ్ కోసం ఒక రాత్రంతా గ్రూపులో ప్రతివాళ్ళూ తెలిసిన ఆస్పత్రులన్నిటికీ ఫోన్లు చేశారు. తెల్లవారుజామున బెడ్ దొరికింది. నాలుగు రోజులు ఉన్నాడు. దహనానికి కొడుకొక్కడే వెళ్ళాడు. మేం బాల్కనీల్లో నిలబడ్డాం, అంతే.

ఆ గ్రూపు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు అందులో నీళ్ళ ట్యాంకర్ డబ్బుల గొడవ, పార్కింగ్ గొడవ. మాట్లాడుకోవడమే మానేసిన ఇళ్ళకంటే పోట్లాడుకునే ఇళ్ళే నయమని నా లెక్క.

నేను రాసింది మా గ్రిల్లు దగ్గర నుంచి కనిపించినంత మేరే. వాచ్‌మన్‌ని అడగండి, ఆయన గేటు దగ్గర నుంచి చూసింది వేరు. మీ ఇంటికి పనికొచ్చే ఆవిడని అడగండి, కాకపోతే ఆవిడకి తీరికున్నప్పుడు, కూర్చోబెట్టి, టీ ఇచ్చి అడగండి. ఫొటోలు కావాలంటే గ్రూపులో 2020 ఏప్రిల్ దాకా వెనక్కి వెళ్ళండి. మంగలిషాపులు మూసేస్తే మీ అమ్మలు మీ నాన్నలకి దువ్వెన, కత్తెర పట్టుకుని చేసిన క్షవరాలు అన్నీ ఉన్నాయి. మీ నాన్నలు డిలీట్ చెయ్యకముందే చూసుకోండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ