వంశచరిత్రను పుస్తకాల్లో వెతికేవారి అపోహలు, అసలు వాస్తవాలు

చెన్నైలోని తెలుగు కుటుంబాలకు వంశచరిత్రలు కూర్చి పెట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో కొందరు నెల్లూరు, గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి తాతల కాలంలో చదువుకో, అచ్చాఫీసు కొలువుకో, సినిమా పనికో వచ్చి ఇక్కడే నిలిచిపోయినవారు. మరికొందరు ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా తెలుగు చదవడం రాని, ఏ కాలంలో ఎక్కడి నుంచి వచ్చారో చెప్పలేని పాతకాపులు. వెతుకులాట మొదలుపెట్టేటప్పుడు ఈ ఇరువర్గాలవారికీ దాదాపు ఒకే రకమైన అపోహలు ఉంటాయి.

అపోహ: మనం జమీందారులమూ కాము, కవులమూ కాము, పుస్తకాల్లో మన ఊసు ఎందుకుంటుంది?

వాస్తవం: పుస్తకం అనగానే అందరూ చరిత్ర గ్రంథాన్నే ఊహించుకుంటారు కాబట్టి ఈ నిరాశ కలుగుతుంది. సామాన్యుల పేర్లు ఎక్కువగా దొరికేది ఎవరూ చదవని పుటల్లోనే. పాత తెలుగు పుస్తకాలలో చాలావాటికి ముందో వెనుకో, అచ్చుకు సాయం చేసినవారి పట్టిక ఒకటి ఉంటుంది. పేరు, ఊరు, ఇచ్చిన రూపాయలు, అణాలు అందులో వరుసగా కనిపిస్తాయి. ఫలానా ఊరి కరణంగారు రెండు రూపాయలు, ఫలానా బడిపంతులుగారు ఎనిమిది అణాలు అన్న పద్ధతిలో సాగే ఆ పట్టిక, ఆ మనిషి ఆ సంవత్సరంలో ఆ ఊళ్ళో ఉన్నాడనడానికి అచ్చయిన సాక్ష్యం. ముత్తాత చిన్న శతకమో, హరికథో అచ్చు వేయించాడని ఇంట్లో చెప్పుకుంటూ ఉండి, ప్రతి మాత్రం దొరకకపోతే, 1867 నాటి పుస్తకాల రిజిస్ట్రేషను చట్టం ప్రకారం మద్రాసు ప్రభుత్వ గెజిటుతో పాటు మూడు నెలలకోసారి వెలువడిన పుస్తకాల జాబితాలను చూడాలి. పుస్తకం పేరు, రచయిత, ముద్రాపకుడు, పుటల సంఖ్య, వెల మాత్రమే కాదు, ఎన్ని ప్రతులు వేశారో కూడా వాటిలో ఉంటుంది.

ఇనాం పొలం, అంటే శిస్తు లేకుండానో తగ్గించిన శిస్తుకో ఇచ్చిన భూమి, ఉన్న కుటుంబాలకు ఇంతకంటే గట్టి ఆధారం ఇనాం రిజిస్టరు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను ఊరూరా ఇనాములను విచారించి, ఒక్కొక్క ఇనాముకు ఒక్కొక్క వరుస చొప్పున వివరాలు రాయించింది. భూమి విస్తీర్ణం, అది దేవాలయానికా, గ్రామసేవకా, స్వంత అనుభవానికా, మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, విచారణ నాటికి అనుభవిస్తున్నవారి పేరు, వయస్సు, మొదటి గ్రహీతతో వారి బంధుత్వం అన్నీ ఆ వరుసలో ఉంటాయి. పురోహితులు, కరణాలు మాత్రమే కాక, మంగలి, చాకలి, కుమ్మరి, వెట్టి మాన్యాలు అనుభవించినవారు కూడా ఇక్కడ కనిపిస్తారు. ఇంటి పెట్టెలో ఆ కమిషను ఇచ్చిన పాత టైటిల్ డీడు (హక్కుపత్రం) దొరికితే, దాని నంబరు చెప్పండి చాలు, సగం పని అయినట్లే.

అపోహ: అచ్చులో ఉంది కాబట్టి నిజమే.

వాస్తవం: నా సమయమంతా తినేసే అపోహ ఇదే. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం, ఆయన సహాయకులైన కావలి సోదరులూ వారి అనుచరులూ ఊళ్ళు తిరిగి సేకరించిన కైఫీయతులు, అంటే గ్రామ వృత్తాంతాలు, అమూల్యమైనవి. అయితే అవి గ్రామంలోని కరణాలూ పెద్దలూ చెప్పగా రాసుకున్నవి. స్థలపురాణం, శాసనం, పుక్కిటి కథ, భూమి తగాదా అన్నీ ఒకే పుటలో కలగలిసి ఉంటాయి. కైఫీయతులో రాజుల కాలపు సంగతిని శాసనంతో సరిచూడాలి. రాసేనాటికి రెండు మూడు తరాల వెనుకటి సంగతిని మాత్రం నేను చాలావరకు నమ్ముతాను, ఎందుకంటే దాని మీద అప్పటికి హక్కులు ఆధారపడి ఉండేవి.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో వచ్చిన కులచరిత్రల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1901 జనాభా లెక్కలలో కులాలకు సాంఘిక హోదాను బట్టి వరుసలు కట్టే ప్రయత్నం జరిగినందువల్ల, తమ కులానికి పై మెట్టు కోరి రాసిన పుస్తకాలు ఆ కాలంలో చాలా వచ్చాయి. వాటిలోని వంశావళి ఏ చంద్రవంశం దగ్గరో ఆగుతుంది. పెద్దలు నొచ్చుకున్నా సరే, పత్రం దొరికిన తరం దగ్గరే నేను వంశవృక్షాన్ని ఆపుతాను.

ఇక తేదీలు. ఒక కుటుంబపు పాత జమాఖర్చు పుస్తకంలో, గుంటూరు ప్రాంతపు తమ స్వగ్రామంలో "నందన సం॥రములో మిద్దె వేయించిరి" అని ఉంది. అరవై సంవత్సరాల చక్రంలో నందన 1832లోనూ వస్తుంది, 1892లోనూ వస్తుంది. ఇంట్లోవారు సహజంగానే పాతదాన్ని కోరుకున్నారు. కానీ 1832-33లో గుంటూరు సీమలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించింది కరువు, జనం నోట డొక్కల కరువుగా మిగిలిన నందన కరువు. ఆ ఏడు మిద్దె వేయించడం నమ్మశక్యం కాదు. అదే పుటలో కింద ఫసలీ 1302 (ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం) శిస్తు చెల్లింపు రాసి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలో ఫసలీకి 590 కలిపితే ఆ జూలైలో మొదలైన సంవత్సరం వస్తుంది, అంటే 1892 జూలై నుంచి 1893 జూన్ వరకు. మిద్దె 1892 నాటిదే. కరువును గురించి జిల్లా మాన్యువల్ (జిల్లా వివరాలతో ఆనాటి ఇంగ్లీషు అధికారులు రాసిన గ్రంథం) చదివి ఉండకపోతే, ఫసలీ లెక్క తెలియకపోతే, ఆ ఇంటి వయస్సు అరవై ఏళ్ళు పెరిగిపోయేది.

అపోహ: ఇంటిపేరు ఏ ఊరో మనవాళ్ళు పుట్టింది ఆ ఊరే.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. ఒకే పేరుతో నాలుగైదు జిల్లాల్లో ఊళ్ళుంటాయి. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో, వేర్వేరు గోత్రాల్లో ఉంటుంది. ఇంటిపేరుతో వెతుకులాట మొదలుపెట్టవచ్చు, దానితో ముగించకూడదు.

అపోహ: తెలుగువారి చరిత్ర కావాలంటే చెన్నై వదిలి వెళ్ళాలి.

వాస్తవం: 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆ జిల్లాల పాలన అంతా ఇక్కడి నుంచే సాగింది. ఎగ్మూరులోని ప్రభుత్వ ఆర్కైవ్సులో ప్రెసిడెన్సీ కాలపు రెవెన్యూ దస్త్రాలున్నాయి. అక్కడే, 1896లో తెరుచుకున్న కన్నెమరా గ్రంథాలయంలో పాత జిల్లా మాన్యువళ్ళు దొరుకుతాయి. బాస్వెల్ నెల్లూరు మాన్యువల్ 1873 నాటిది, గోర్డన్ మెకంజీ (పైన చెప్పిన కల్నల్ కాదు, వేరొకరు) కృష్ణా మాన్యువల్ 1883 నాటిది. 1954 చట్టం వల్ల దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు ఆ గ్రంథాలయానికి చేరాలి. కైఫీయతుల రాతప్రతులు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి.

పాతకాపుల సంగతి వేరు. వారు వెతకవలసినది ఆంధ్ర జిల్లాల పుస్తకాల్లో కాదు, చెంగల్పట్టు మాన్యువల్‌లోనూ, 1913లో లవ్ ప్రచురించిన పాత మద్రాసు చరిత్ర సంపుటాల్లోనూ. కంపెనీ వర్తకులూ దుబాసీలూ (దుబాసీలంటే దొరలకు మధ్యవర్తులుగా ఉన్న ద్విభాషీలు) అయిన తెలుగువారి పేర్లు వీటిలో ఇంగ్లీషు గుమాస్తా చెవికి తోచిన వర్ణక్రమంలో ఉంటాయి కాబట్టి, ఒక్కొక్క పేరుకూ నాలుగైదు రూపాలు రాసుకుని సూచిక తిప్పాలి. పూర్వులు ఉత్తరాది నుంచి కాలినడకన వచ్చారని చెప్పుకునే కుటుంబాలకు నేను ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర ఇచ్చి చదవమంటాను. 1830 మేలో చెన్నపట్నం విడిచి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆయన, దారిలో మజిలీలు, నీటి వసతి, అంగళ్ళు, బస దొరికే చోట్లు ఊరూరికీ రాసిపెట్టారు. మన పూర్వులు ఆ పుస్తకంలో ఉండరు గానీ, వారు నడిచిన బాట ఉంటుంది.

అపోహ: ఇప్పుడన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

వాస్తవం: పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో స్కానయిన మాట నిజం. కానీ పేర్లు ఇంగ్లీషు లిపిలో తప్పుల తడకగా నమోదు కావడంతో, ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకదు. ఇనాం రిజిస్టర్ల కోసం దరఖాస్తు పెట్టుకుని వెళ్ళి కూర్చోక తప్పదు.

అపోహ: ఆడవారి సంగతులు ఎక్కడా దొరకవు.

వాస్తవం: వంశావళుల్లో దొరకవు, నిజమే, కొడుకుల పేర్లు రాసి కూతుళ్ళను సంఖ్యగా వదిలేసిన పట్టికలు ఎన్నో చూశాను. దొరికేది పత్రికల్లో. 1928లో కె.ఎన్. కేసరిగారు ఈ ఊళ్ళోనే ప్రారంభించిన గృహలక్ష్మి వంటి మాసపత్రికల్లో స్త్రీలు తమ పేర్లతో కథలు, వ్యాసాలు రాశారు. అమ్మమ్మ పేరుకు ముందు పుట్టింటి ఇంటిపేరు ఉండవచ్చు, మెట్టినింటిది ఉండవచ్చు కనుక రెండింటితోనూ వెతకాలి. వంశచరిత్ర కూర్చమని వచ్చేవారిని నేను ముందుగా అడిగేది కూడా తాతగారి ఊరు కాదు, అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి ఇంటిపేర్లు. చాలామందికి ఆ రెండూ తెలియవు. ఇంట్లో పెద్దవారు ఉండగానే అడిగి రాసుకుని రమ్మని పంపిస్తాను.