అమెరికా రాజకీయాలు: ఓట్ల రికార్డు ముందు నిలవని నాలుగు మాటలు

డిగ్రీ పిల్లలకు అమెరికా రాజకీయ చరిత్ర చెప్పడం నా ఉద్యోగం. అక్కడ ఎన్నికలు వచ్చాయంటే క్లాసులోనే కాదు, పెళ్లి భోజనాల దగ్గర కూడా నాకు ఇవే ప్రశ్నలు. పిల్లలో, చుట్టాలో అక్కడ ఉన్నప్పుడు ఆసక్తి ఉండటం సహజమే. చిక్కల్లా జవాబులు వాట్సాప్ నుంచి రావడంతోనే. అమెరికన్ కాంగ్రెస్‌లో (ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అక్కడి పార్లమెంటు) ముఖ్యమైన బిల్లుల మీద ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా రికార్డు ఉంటుంది. అది తెరిచి చూస్తే సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

అపోహ: అధ్యక్షుడు నిక్సన్‌ను అభిశంసించి దించేశారు.

లేదు. 1974 జులైలో ప్రతినిధుల సభకు చెందిన జ్యుడీషియరీ కమిటీ మూడు అభియోగాలను ఆమోదించింది, అంతే. సభలో ఓటింగ్ జరగకముందే ఆగస్టు 9న ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. అభిశంసన అంటే ప్రతినిధుల సభ వేసే చార్జిషీటు. తీర్పు సెనేట్‌ది, దోషిగా తేల్చాలంటే మూడింట రెండొంతుల ఓట్లు పడాలి. ఆండ్రూ జాన్సన్, క్లింటన్, ట్రంప్ (ఈయన రెండుసార్లు) అభిశంసనకు గురయ్యారు. ఒక్కరిని కూడా సెనేట్ దోషి అనలేదు. 1868లో జాన్సన్ మాత్రం ఒకే ఒక్క ఓటుతో బయటపడ్డారు.

అపోహ: జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం ఫలానా పార్టీ పుణ్యమే.

"తెచ్చింది డెమొక్రాట్లే" అని ఒకరు, "లెక్క చూడండి, మద్దతిచ్చింది రిపబ్లికన్లే" అని ఇంకొకరు. తమాషా ఏమిటంటే ఇద్దరూ ఒకే ఓటింగును చూపిస్తారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ ఈ బిల్లును 290-130తో ఆమోదించింది. డెమొక్రాట్లలో 152 మంది అవునన్నారు, 96 మంది కాదన్నారు. రిపబ్లికన్లలో 138 మంది అవును, 34 మంది కాదు. అంటే డెమొక్రాట్ల మద్దతు 61 శాతం, రిపబ్లికన్లది 80 శాతం. ఫార్వర్డ్ మెసేజ్ ఇక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు అవే ఓట్లను ప్రాంతాలవారీగా విడదీయండి. 1860ల అంతర్యుద్ధంలో విడిపోయిన 11 దక్షిణాది రాష్ట్రాలు ఒకపక్క, మిగతావన్నీ ఇంకోపక్క. దక్షిణాది డెమొక్రాట్లు 94 మందిలో ఏడుగురే అవునన్నారు. దక్షిణాది రిపబ్లికన్లు పది మందిలో ఒక్కరూ లేరు. మిగతా దేశంలో డెమొక్రాట్లు 145-9, రిపబ్లికన్లు 138-24. రెండు ప్రాంతాల్లోనూ డెమొక్రాట్ల మద్దతే ఎక్కువ శాతం, మొత్తం కలిపితే మాత్రం రిపబ్లికన్లది ఎక్కువ! బోర్డు మీద ఇది వేసినప్పుడు క్లాసు కాసేపు గందరగోళంగా ఉంటుంది. లెక్కల పిల్లలు ముందు పట్టుకుంటారు: దక్షిణాది సభ్యుల్లో దాదాపు అందరూ డెమొక్రాట్లే కాబట్టి వాళ్ల వ్యతిరేకత మొత్తం పార్టీ శాతాన్ని కిందకి లాగేసింది. స్టాటిస్టిక్స్‌లో దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు. గీత పార్టీల మధ్య కాదు, ప్రాంతాల మధ్య ఉంది.

అలాగని రిపబ్లికన్ల పాత్రను తీసిపారేయడానికీ లేదు. సెనేట్‌లో దక్షిణాది సభ్యులు చర్చను సాగదీస్తుంటే, దాన్ని ఆపే ఓటింగ్ జూన్ 10న 71-29తో నెగ్గింది. ఆ 71లో 27 రిపబ్లికన్లవి. వాటిని కూడగట్టింది వాళ్ల నాయకుడు, ఇలినాయ్ సెనేటర్ ఎవరెట్ డర్క్‌సెన్. అదే పార్టీ తరఫున ఆ ఏడాది అధ్యక్ష పదవికి పోటీ చేసిన బ్యారీ గోల్డ్‌వాటర్ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు. నవంబరులో ఆయన చిత్తుగా ఓడారు. గెలిచింది సొంత రాష్ట్రం అరిజోనా, ఇంకా దక్షిణాదిలో ఐదు రాష్ట్రాలు.

దీంతో "దక్షిణాదిలో రాత్రికి రాత్రే పార్టీలు తారుమారయ్యాయి" అనేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే. 1976లో డెమొక్రాట్ జిమ్మీ కార్టర్ ఆ 11 రాష్ట్రాల్లో వర్జీనియా తప్ప అన్నీ గెలిచారు. దక్షిణాది ప్రతినిధుల సభ సీట్లలో రిపబ్లికన్లకు మెజారిటీ వచ్చింది 1994 ఎన్నికల్లో. అంటే చట్టం వచ్చిన 30 ఏళ్లకు.

అపోహ: డిబేట్‌లో గెలిచింది నిక్సన్ అని రేడియో విన్నవాళ్లు అన్నారు, కెనడీ అని టీవీ చూసినవాళ్లు అన్నారు.

అధ్యక్ష అభ్యర్థులు నిక్సన్, కెనడీల 1960 సెప్టెంబరు 26 డిబేట్ గురించి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో తప్పకుండా చెప్పే కథ. దీనికి ఆధారంగా చూపేది ప్రధానంగా ఒకే సర్వే, అందులో రేడియో శ్రోతలు కొన్ని వందల మందే. వాళ్లు ముందు నుంచే నిక్సన్ వైపు ఉన్నారేమో తేల్చే వీలు లేదు. 2003లో అచ్చయిన ఒక ప్రయోగంలో మాత్రం వీడియో చూసినవాళ్లే కెనడీ వైపు ఎక్కువ మొగ్గారు. కాబట్టి టీవీ ప్రభావం అబద్ధమనను, ఆ పాత సర్వే దాన్ని రుజువు చేయలేదంటాను.

అపోహ: డెమొక్రాట్ వస్తే వీసాలు, రిపబ్లికన్ వస్తే ఇంటికి.

మనవాళ్లకు అసలు టెన్షన్ ఇదే. నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే హెచ్‌-1బీ వీసా పుట్టింది 1990 చట్టంతో. పాస్ చేసింది డెమొక్రాట్ల కాంగ్రెస్, సంతకం రిపబ్లికన్ పెద్ద బుష్‌ది. ఏడాదికి 65,000 వీసాల పరిమితిని 1998లో 1,15,000కు, 2000లో 1,95,000కు పెంచింది రిపబ్లికన్ల కాంగ్రెస్, సంతకం డెమొక్రాట్ క్లింటన్‌ది. 2003లో గడువు తీరి అది మళ్లీ 65,000కు పడిపోయింది.

అధ్యక్షుడి చేతిలో ఏమీ లేదని కాదు. హెచ్‌-1బీ ఉద్యోగుల మీద ఆధారపడి హెచ్‌-4 వీసాతో ఉండే భార్యాభర్తల్లో కొందరికి 2015లో పని అనుమతి ఇచ్చింది ఒబామా ప్రభుత్వ నిబంధనే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలన్నది ట్రంప్ ఉత్తర్వే. కానీ గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి చట్టంలో ఉంది, ఎవరి సంతకంతోనూ పోదు. దాన్ని ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. సెనేట్‌లో దాన్ని తలకెత్తుకుంది రిపబ్లికన్ మైక్ లీ, అడ్డు చెప్పింది డెమొక్రాట్ డిక్ డర్బిన్. చివరికి 2020 డిసెంబరులో సెనేట్ మార్పులతో ఆమోదించింది. రెండు సభల బిల్లులూ ఒకటి కాకముందే, 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసి బిల్లు రద్దయిపోయింది.