మీకు సెలవులు, గుర్రానికి డ్యూటీ

చిన్నీ, బుజ్జీ, వాళ్ల వెనకున్న కోతిమూకా,

తాతయ్య ఆశీస్సులు. ఏప్రిల్లో స్పెయిన్ వెళ్తున్నారట, వారం రోజులు గుర్రాల మీద తిరుగుతారట! మీ అమ్మ ఫోన్లో చెబుతుంటే ఆవిడ మాటల కంటే మీ అరుపులే ఎక్కువ వినబడ్డాయి. సంతోషం. కానీ పశువుల డాక్టరుగా రిటైరైన తాత ఉన్నాక ఇలాంటి పొడుగాటి ఉత్తరం చదవక తప్పదు మరి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా దగ్గరికి వచ్చినవి ఎక్కువగా గేదెలూ గొర్రెలే. ఎప్పుడన్నా గుర్రం వచ్చిందంటే అది పెళ్లి ఊరేగింపులో బ్యాండు మోతకో టపాకాయలకో బెదిరి దెబ్బ తగిలించుకున్నదే అయ్యుండేది. రిటైరయ్యాక మీ పెద్దత్త పుణ్యమా అని మీరిప్పుడు వెళ్లే దక్షిణ స్పెయిన్‌ని, అంటే అండలూసియాని, చూసొచ్చాను. అక్కడ గుర్రం కూడా ఎక్కాను. మీ నానమ్మ ఎక్కలేదు, కింద నిలబడి నవ్వింది.

మీరు సెలవులకి వెళ్తారు గానీ, మీరెక్కే గుర్రం ఆ వారమంతా డ్యూటీలో ఉంటుంది. నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దాని వివరం.

ముందు ఊరి సంగతి. మీ టూర్ మొదలయ్యే ఎల్ రోసియో చాలా చిన్న ఊరు, డోన్యానా నేషనల్ పార్కు అంచున ఉంటుంది. అక్కడి వీధుల్లో తారు లేదు, సిమెంటు లేదు, అంతా ఇసుకే. డబ్బుల్లేక కాదు, గుర్రాల డెక్కలకి మెత్తగా ఉంటుందని. ఇళ్ల ముందు గుర్రాల్ని కట్టేయడానికి అడ్డకర్రలు పాతి ఉంటాయి. కొన్ని బార్ల బయట బల్లలు మరీ ఎత్తుగా కనిపిస్తే కంగారు పడకండి, అవి గుర్రం దిగకుండానే గ్లాసు పెట్టుకునేవాళ్ల కోసం. మామూలు రోజుల్లో ఊరు ఖాళీగా ఉంటుంది. ఈస్టర్ రోజుతో కలిపి లెక్కేస్తే యాభయ్యో రోజున వచ్చే పెంతెకోస్తు పండక్కి మాత్రం లక్షల మంది దిగుతారు. కొందరు గుర్రాల మీద, కొందరు ఎడ్లు లాగే గూడుబళ్ల వెంట, కొందరు నడిచి, రోజుల తరబడి ప్రయాణం చేసి వస్తారు.

డోన్యానాని 1969లో నేషనల్ పార్కు చేశారు, 1994లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఒక పక్క ఇసుక దిబ్బలు, ఒక పక్క పైన్ అడవి, మధ్యలో బురదనేల. చలికాలం వానలకి ఆ నేల చెరువైపోతుంది, ఎండాకాలం పగుళ్లిచ్చి గట్టిపడుతుంది. మీరు వెళ్లేసరికి నీళ్లుంటే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. ఐబీరియన్ లింక్స్ అనే అడవి పిల్లి కూడా అక్కడ ఉంది. చెవుల కొసన నల్లటి కుచ్చులు, మొహానికి గడ్డం! 2002 నాటికి అవి వందలోపే మిగిలాయి. వాటి తిండైన కుందేళ్లని పెంచి, లింక్సుల్ని పుట్టించి, అడవుల్లో వదిలి, ఇప్పుడు స్పెయిన్, పోర్చుగల్ రెండింటిలో కలిపి 2,000 దాటించారు. ఆ పని చేసినవాళ్లకి నా దండం. అదే డోన్యానా చుట్టూ స్ట్రాబెర్రీ తోటలకి దొంగ బోర్లు వేసి భూమిలో నీళ్లు లాగేస్తున్నవాళ్లూ ఉన్నారు. పార్కులో చెరువులు ఎండిపోతున్నాయంటే వానలు తగ్గడం ఒక కారణం, ఈ బోర్లు మరో కారణం. అక్కడ బుట్టల్లో ఎర్రగా మెరిసే స్ట్రాబెర్రీలు చూసినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. తినొద్దనను, నేనూ తిన్నాను.

ఆ బురదనేలలో ఏడాది పొడుగునా స్వేచ్ఛగా మేసే గుర్రాలున్నాయి. ఏటా జూన్ 26న వాటి ఆసాములు గుర్రాలెక్కి వెళ్లి, ఆడగుర్రాల్నీ పిల్లల్నీ మందలుగా తోలుకుని ఎల్ రోసియో చర్చి ముందు నుంచి అల్మోంతె అనే ఊరికి తీసుకెళ్తారు. 1504లో అక్కడి డ్యూక్, అంటే పెద్ద జమీందారులాంటి ప్రభువు, పెట్టిన కట్టుబాట్ల నుంచి ఇది నడుస్తోందంటారు. అల్మోంతెలో జూలు కత్తిరిస్తారు, పిల్లలకి గుర్తులు వేస్తారు, మందులు పోస్తారు, కొన్నిటిని అమ్ముతారు, మిగతావాటిని మళ్లీ వదిలేస్తారు. మీరు వెళ్లేది ఏప్రిల్లో కాబట్టి అది చూడలేరు. కానీ ఆ ప్రాంతంలో గుర్రం అంటే టూరిస్టుల కోసం తెచ్చి పెట్టింది కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది కదా.

అక్కడి గుర్రాలకి చరిత్ర చాలా ఉంది. 1570లో రాజు రెండో ఫిలిప్ కొర్దోబాలో రాజుగారి గుర్రపుశాలలు కట్టించి, మేలు జాతి గుర్రాల్ని పెంచడం మొదలుపెట్టాడు. అంతకుముందే, 1493లో కొలంబస్ రెండోసారి బయల్దేరినప్పుడు ఓడల్లో స్పెయిన్ గుర్రాలు అమెరికా వైపు వెళ్లాయి. కౌబాయ్ సినిమాల్లో మీరు చూసే మస్టాంగులు అలా వెళ్లిన స్పెయిన్ గుర్రాల సంతతే. హెరెస్ ఊళ్లో 1973 నుంచి గుర్రపు స్వారీని కళగా నేర్పే బడి ఉంది, వీలైతే అక్కడ ప్రదర్శన చూడండి. మీరెక్కేవి అంత పేరున్నవి కాకపోవచ్చు, కలగలుపు జాతివి అయ్యుంటాయి. నన్నడిగితే పల్లెదారుల్లో అవే నయం.

ఇక గుర్రం దగ్గరికి ఎలా వెళ్లాలో. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీలు చూడగలదు. కనిపించనిది సరిగ్గా ముక్కు ముందు కొంచెం, తోక వెనక కొంచెం. అందుకే తిన్నగా ఎదురుగా వెళ్లి ముఖం మీద చెయ్యి పెట్టకూడదు, వెనక నుంచి అసలే వెళ్లకూడదు. ఎడమ భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్లండి. తెలుగులో మాట్లాడినా ఏమీ అనుకోదు. ముందు మెడ మీద చెయ్యి వెయ్యండి. చెవులు చూస్తూ ఉండండి, దాని మనసు ఎక్కడుందో అవే చెబుతాయి. మీ వైపు తిరిగితే మీ మాట వింటోంది. రెండూ వెనక్కి మడిచి తలకి అంటించేసిందంటే కోపంగా ఉంది, పక్కకి తప్పుకోండి.

పరిగెత్తి ప్రాణం కాపాడుకునే జంతువు అది. దారిలో ప్లాస్టిక్ కవరు ఎగిరితే మీకు చెత్తలా కనిపిస్తుంది, దానికి ప్రాణం మీదకొచ్చినట్టే. అప్పుడు మీరు కేక వేసి పగ్గాలు లాగితే దాని అనుమానం నిజమైనట్టే. ఊపిరి గట్టిగా వదలండి, భుజాలు దించండి. మీరు టెన్షన్ పడితే మీ తొడలు బిగుస్తాయి, అది దాని వీపుకి తెలిసిపోతుంది.

ఆవుకి కడుపులో నాలుగు గదులు, తిని పడుకుని నెమరేస్తుంది. గుర్రానికి ఒక్కటే గది, అది కూడా దాని ఒంటికి చాలా చిన్నది. అందుకే కొంచెం కొంచెంగా రోజంతా మేస్తూనే ఉంటుంది. తిన్నది పడకపోతే వాంతి చేసుకునే వీలు కూడా దానికి లేదు. కడుపునొప్పి వచ్చిందంటే ప్రాణం మీదకి రావచ్చు. కాబట్టి ముద్దొచ్చిందని మీ చిప్స్, చాక్లెట్లు పెట్టకండి. గైడుని అడిగి, ఆయన సరేనంటే క్యారెట్టు ముక్క అరచేతిలో చదునుగా పెట్టి ఇవ్వండి. వేళ్లు ముడిస్తే అవి కూడా క్యారెట్లే అనుకుంటుంది.

బరువు సంగతి మీ నాన్నకి చదివి వినిపించండి. 500 కిలోల గుర్రం మీద జీను, మనిషి కలిపి 100 కిలోలు దాటకూడదన్నది మోటు లెక్క, ఇంకా తక్కువైతే మరీ మంచిది. అక్కడి పశుకాపరుల జీను పెద్దది, గొర్రెతోలు పరిచి మెత్తగా ఉంటుంది, గంటల తరబడి కూర్చోవడానికి హాయి. కానీ బరువు కూడా ఎక్కువే. అందుకే బుకింగప్పుడే మీ బరువు అడుగుతారు, నిజం చెప్పమనండి. గుర్రం నుదుటి మీద తోలు కుచ్చులు వేలాడుతుంటాయి, అలంకారం కాదు, ఈగల్ని తోలడానికి.

పగ్గాలు రెండూ ఒక్క చేత్తో పట్టుకోవడం నేర్పుతారు. ఒకప్పుడు రెండో చేతిలో పశువుల్ని తోలే పొడుగాటి కర్ర ఉండేది మరి. తెల్ల గుర్రాలు చాలా కనిపిస్తాయి. అవి పుట్టినప్పుడు నల్లగానో గోధుమరంగుగానో ఉంటాయి, వయసొచ్చే కొద్దీ తెల్లబడతాయి. నాలాగే.

ఇంకోటి, నాకు బాగా నచ్చింది. మీరు నడిచే దారుల్లో కొన్ని గొర్రెల కోసం పుట్టినవి. 1273లో రాజు పదో అల్ఫోన్సో మెస్తా అనే కాపరుల సంఘానికి హక్కులిచ్చాడు. మెరినో గొర్రెలు ఎండాకాలం ఉత్తరాన కొండల్లో, చలికాలం దక్షిణాన మైదానాల్లో మేసేవి. వాటి కోసం దేశమంతా దారులు వదిలారు, పెద్దవి 75 మీటర్ల వెడల్పు. మందలు చాలావరకు పోయాయి గానీ దారులు పోలేదు. 1995 చట్టం ప్రకారం అవి ప్రజల ఆస్తి, మొదటి హక్కు మందలదే, తర్వాత నడిచేవాళ్లూ స్వారీ చేసేవాళ్లూ పోవచ్చు. ఏటా శరదృతువులో మాడ్రిడ్ నడిబొడ్డున గొర్రెల మందని తోలుకెళ్లి ఆ హక్కు చూపించుకుంటారు కాపరులు! మన పాలమూరు కురుమలు కూడా ఎండాకాలం మందల్ని తోలుకుని నెలల తరబడి ఊళ్లు దాటి పోతారు. వాళ్లకి అలాంటి చట్టం లేదు. రోడ్డు మీద లారీ హారన్లు వింటూ పోవాలి.

సామాను విషయానికొస్తే, లోపలి కుట్టు మందంగా ఉండే జీన్సు వద్దు, తొడలు ఒరుసుకుపోతాయి. చిన్న మడమ ఉన్న బూట్లయితే పాదం రికాబులోంచి ముందుకి జారిపోదు. అక్కడివాళ్లు వెడల్పాటి టోపీలు పెట్టుకుంటారు, మీరు హెల్మెట్టే పెట్టుకోవాలి, ఫొటో బాగా రాదని వాదించొద్దు. ట్రావెల్ ఇన్సూరెన్సులో గుర్రపు స్వారీ ఉందో లేదో మీ అమ్మని పాలసీ కాగితంలో చూడమనండి, చాలా పాలసీల్లో విడిగా చేర్చుకోవాలి. భోజనం మధ్యాహ్నం రెండు దాటాక, రాత్రి తొమ్మిది దాటాక. సంచిలో పల్లీ చిక్కీలు పెట్టుకోండి. మాంసం తినని బుజ్జి ముందే చెప్పాలి. లేకపోతే కూరగాయల వంటకమని తెచ్చినదాంట్లో కూడా పంది మాంసం ముక్కలు తేలుతుంటాయి.

సాయంత్రం దిగాక కాళ్లు వంకరపోయినట్టుంటాయి, మంచం ఎక్కాలనిపిస్తుంది. ముందు గుర్రం నీళ్లు తాగిందా, జీను తీసిన చోట చెమట తుడిచారా, డెక్కల్లో రాళ్లేమన్నా ఇరుక్కున్నాయా చూడండి. డెక్క శుభ్రం చేసే కొక్కెం ఎలా వాడాలో గైడుని అడిగితే చూపిస్తాడు. మడమ నుంచి ముందువైపుకి గీకాలి, మధ్యలో త్రికోణంగా మెత్తగా ఉండేచోట మాత్రం గుచ్చకూడదు. డౌట్లుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. మీకు రాత్రయ్యేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది, పొద్దున లేచి జవాబిస్తాను.

ఆశీస్సులతో,
తాతయ్య